నడుమ పట్టీ

"కర్ర వేశానండీ. మా బాబు మీద ఒట్టు, వేశాను. మీటరు సున్నా చూపించాకే మామయ్య చెయ్యి పెట్టాడు."

పిట్ట ఈ మాట నాతో చెప్పడం అది నాలుగోసారి. చెప్పిన ప్రతిసారీ ఆమె కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, లేని కర్రను పట్టుకుని, లేని యంత్రం మీద ఆనించేది. అబద్ధం చెప్పేవాళ్లు మాటలు బట్టీ పడతారు గానీ చేతులకి నేర్పరు. ఆమెని నమ్మడానికి నా దగ్గరున్న కారణం అదొక్కటే. దాన్ని పట్టుకుని ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వి, కుర్చీ వేయించి, నీళ్లిచ్చి పంపేస్తాడు.

సాయంత్రం షిఫ్టు సైరన్ మోగగానే ఇన్‌స్పెక్టర్ జీపు వస్తుంది. పిట్టని ఎక్కించుకుని వెళ్తుంది. ఆమె ఇంట్లో ఏడు నెలల పసివాడు తల్లిపాలు తప్ప ఇంకోటి ముట్టడు.

అది స్పీకర్లు తయారుచేసే ఫ్యాక్టరీ. ప్రతి స్పీకరు వెనకా ఒక మాగ్నెట్ బిళ్ల ఉంటుంది. బిగించేటప్పుడు అది ఉత్త బిళ్లే. దానికి అయస్కాంత శక్తి ఎక్కించే యంత్రం మేం నిలబడ్డ గదిలో ఉంది. పిట్ట దాన్ని నడుపుతుంది. మనిషి అంగుష్ఠమాత్రం కాబట్టి ఆ పేరు. నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక అదే యంత్రం ఆమె మేనమామని, ఫ్యాక్టరీ మొత్తానికి పెద్ద మేస్త్రీని, ఎత్తి గోడకేసి కొట్టింది. ఆగిపోయిన గుండె మళ్లీ కొట్టుకుంది గానీ మనిషి ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది మేస్త్రీ భార్య. "మా ఆయన దగ్గర పెరిగిన పిల్ల. మా ఆయన్ని చంపుకుంటుందా?" అని ఒకే ఒక్క మాట అడిగింది. పోతూ పోతూ ఇంకో మాట కూడా అంది. "పది రోజులుగా ఆయన సరిగ్గా తినడం లేదమ్మా. ఒక స్నేహితుడి నోటి దగ్గర కూడు నా చేత్తో లాగెయ్యాల్సి వస్తోంది అన్నాడు. ఎవరని అడిగితే చెప్పలేదు."

"ఇంకా ఇక్కడే ఉన్నారా?"

గుమ్మంలో కోటు గారు. ఫ్యాక్టరీ యజమాని పెట్టుకున్న డిటెక్టివ్. మండుటెండలోనూ కోటు విప్పడు కాబట్టి మా వృత్తిలో అందరికీ ఆయన కోటు గారే.

"మీ పిల్లాడికి జ్వరమని విన్నాను. ఇంటికెళ్లి చూసుకోకపోయారా?" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మీరే. గేటు దగ్గర ఫోన్లో మాట్లాడితే వీధి చివరిదాకా వినబడింది."

"జ్వరం పిల్లాడికండీ, నాకు కాదు. నా బుర్ర చల్లగానే ఉంది."

"అయితే ఆ చల్లటి బుర్రతో ఆలోచించండి. కర్ర వేస్తే మిషను ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన మిషను మనిషిని కొట్టదు. కొట్టిందంటే ఖాళీ కాలేదు. ఖాళీ కాలేదంటే ఈ పిల్ల కర్ర వెయ్యలేదు. రాత్రంతా పిల్లాడితో మేలుకుని, కునికిపాట్లు పడుతూ వచ్చింది, మర్చిపోయింది. ఇందులో ఇంకో మాటకి చోటెక్కడుంది?"

"నేను కునికిపాట్లు పడలేదండీ!" అంది పిట్ట.

"నువ్వు మాట్లాడకు." ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "పిల్లల ఆస్పత్రికి ప్రమాద హెచ్చరిక స్పీకర్లు పంపిన కంపెనీ ఇది. యంత్రంలో లోపం అని బయటికి పొక్కితే తలుపులు మూసుకోవాలి. లోపం మనిషిది. ఆ సంగతి ఈ పూటే రుజువు చేస్తాను."

"ఎలా?"

"నిన్న జరిగింది జరిగినట్టు చేస్తాం. మిషను నింపుతాం, భోజనాల టైములో వదిలేసినట్టే అరగంట వదిలేస్తాం. తర్వాత కర్ర వేస్తాం. మేస్త్రీ పెట్టినచోటే, పెట్టినట్టే, అందరి ముందూ నా చెయ్యి నేనే పెడతాను. ఏమీ కాదు. అప్పుడు మీరు ఇంటికెళ్లి తడిగుడ్డ వేసుకోండి. పిల్లాడికి."

ఆ గర్వం చూస్తే ఒళ్లు మండింది. కానీ ఆ మాటల్లో నాకు తప్పు పట్టే చోటు దొరకలేదు. అదే అసలు మంట.

"నింపే ముందు లోపల ఒకసారి చూస్తాను," అన్నాను.

"కళ్లారా చూడండి."

యంత్రం తలుపు తీశారు. బీరువా అంత ఉంది. లోపల రెండు అరలు. ఒక్కో అరలో నాలుగు ఇనప డబ్బాలు, నూనె నింపిన కెపాసిటర్లు. కరెంటుని దాచిపెట్టుకుని ఒక్క దెబ్బతో వదిలేవి అవే.

"మామయ్య నాకు ఎలా చెప్పాడంటే," పిట్ట నా చెవి దగ్గర గబగబా అంది, "డబ్బాల్ని పక్కపక్కన కలిపితే కడుపు పెరుగుతుంది. అది ప్యారలల్. ఒకదాని కింద ఒకటి కలిపితే ఓపిక పెరుగుతుంది. అది సిరీస్. ఒక్కో డబ్బా వెయ్యి వోల్టులకి మించి మొయ్యలేదట. మనకి రెండు వేలు కావాలి. అందుకని నాలుగేసి డబ్బాల్ని పక్కపక్కన కలిపి రెండు జట్లు చేశారు. ఆ జట్లని ఒకదాని కింద ఒకటి పెట్టారు. పై జట్టుకి వెయ్యి, కింది జట్టుకి వెయ్యి."

"మరి కర్ర ఎక్కడ వేస్తావు?"

"ఈ పై కొసకీ, ఆ కింది కొసకీ. ఒకేసారి రెండూ తగిలేలా దానికి రెండు ఇత్తడి కొమ్ములుంటాయి చూడండి. వేసి అలాగే తగిలించి వదిలేస్తాం. మీటరు కూడా ఆ రెండు కొసల మీదే."

"మేస్త్రీ చెయ్యి?"

రెండు అరల్నీ కలుపుతూ మధ్యలో అరచెయ్యంత వెడల్పు రాగి పట్టీ ఉంది. పిట్ట దాన్ని వేలితో చూపించింది, ముట్టుకోలేదు.

"నడుమ పట్టీ. రోజూ భోజనాలయ్యాక ఇక్కడ అరచెయ్యి ఆనించి చూస్తాడు, వేడెక్కిందా అని. పిల్లాడి నుదురు చూసినట్టు. ఇరవై ఏళ్లుగా అంతే. థర్మామీటర్ పెట్టొచ్చుగా మామయ్యా అంటే, అది అంకె చెప్తుందిగానీ మిషను బాధ చెప్పదే అంటాడు."

పొద్దున మా బుజ్జిగాడి నుదుటి మీద పెట్టిన నా అరచెయ్యి చురుక్కుమంది. పక్కకి నెట్టేసి, పనిలో పడ్డాను.

అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. డబ్బాల నెత్తిన రాగి పట్టీ, పట్టీ మీద నట్లు, వదులు కాకుండా నట్ల మీద దట్టంగా ఎర్ర వార్నిష్. పక్కన గోడకి పొడుగాటి రెసిస్టర్లు రెండు. పై అర నట్టు మీద బొటనవేలి గోరు నొక్కాను. వార్నిష్ గాజులా గట్టిగా ఉంది. కింది అర మొదటి నట్టు, అదీ గాజే. రెండోది నొక్కాను.

గోరు దిగింది.

మూడోదీ దిగింది. నాలుగోదీ.

"ఏమిటి, గోళ్లకి రంగు వేసుకుంటున్నారా?" కోటు గారు వెనక నుంచి.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తెలిసీ తెలియకుండా నోరు జారితే ఆ మనిషి రెండు నిమిషాల్లో దానికి ఓ సమాధానం కుట్టేస్తాడు. తలుపు వేశారు. స్విచ్చి నొక్కారు. మీటరు ముల్లు నింపాదిగా పాక్కుంటూ రెండు వేల దగ్గర ఆగింది.

"అరగంట," అన్నాడు కోటు గారు వాచీ చూసుకుంటూ. "ఈలోగా యజమానిగారినీ అందర్నీ పిలుస్తాను. చప్పట్లు కొట్టడానికి మనుషులు కావాలిగా."

* * *

నాకు అరగంట చిక్కింది. నేరుగా పక్కగదిలోకి నడిచాను.

ఆ గదికి గోడల నిండా దూది పరుపులు. తయారైన ప్రతి స్పీకర్నీ అక్కడ మోగించి, విని, బాగుంటే పచ్చ సుద్దతో టిక్కు పెడతారు. పెట్టే మనిషిని ఫ్యాక్టరీలో అందరూ 'చెవి' అంటారు. నలభై ఏళ్లుగా అదే కుర్చీ. స్పీకర్లో వెంట్రుక పడ్డా పట్టేస్తాడట. నేను వెళ్లేసరికి ఒక స్పీకరు మోగుతోంది. ఆయన కళ్లు మూసుకుని, దాని కాగితం మీద మూడు వేళ్లు సుతారంగా ఆనించి కూర్చున్నాడు. వీణ ముందు కూర్చున్నట్టుంది. ఎదురుగా నిలబడి, నా నీడ మొహం మీద పడ్డాక కళ్లు తెరిచాడు.

"పెదనాన్నగారూ, నేను మేస్త్రీ గారి తరఫున వచ్చాను."

"తెలుసమ్మా. కూర్చో." నా మొహంలోకి తదేకంగా చూశాడు. "వాడూ నేనూ ఒకేనాడు చేరాం ఇక్కడ. ఆ మిషను కూడా ఇద్దరం కలిసే బిగించాం. నిన్నటి నుంచి నాకు ముద్ద దిగట్లేదు."

"పొద్దున అందరికంటే ముందు ఎవరొస్తారు?"

"నేనే. మిషన్లు మొదలుకాక ముందు, ఆ నిశ్శబ్దంలో కాసేపు కూర్చుంటే చెవి తేటపడుతుంది. తాళం నా దగ్గరే ఉంటుంది."

"పిట్ట?"

"అందరికంటే ఆఖర్న. పసిపిల్లాడి తల్లి కదా. పరుగెత్తుకుంటూ వస్తుంది పాపం. మరిచిపోయుంటుందమ్మా. దాన్ని అనడానికి నాకు నోరు రావట్లేదు."

అప్పుడు నా ఫోను మోగింది. మా బుజ్జిగాడు పట్టుబట్టి పెట్టించిన మోత అది, పిచ్చుకల కీచుకీచులు, పక్క వరండాలో వెళ్తున్న వాళ్లు కూడా తలతిప్పి చూసేంత కీచుగా. చెవిగారు తల తిప్పలేదు. నేను క్షమించమని సైగ చేసి బయటికొచ్చాను.

వదిన. మా ఆయన అక్క. బళ్లో సైన్సు టీచరు, ఈ పూట నా కోసం సెలవు పెట్టుకుని పిల్లాణ్ని చూస్తోంది.

"నూట ఒకటి ఉంది. మందు వేశాను. కంగారుపడకు."

"కంగారేం లేదు వదినా."

"నీ గొంతు చెబుతోందిలే. పెట్టేస్తున్నా, పని చూసుకో. నూట రెండు దాటితే నేనే పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్తా."

ఫోను పెట్టేసి ఎదురుగా చూస్తే, వరండాలో గోడ పొడవునా స్పీకర్ల ట్రేలు. చేసిన వరసలోనే పేర్చారు. ఒక పక్క మొన్నటివి, పక్కనే నిన్నటివి. అన్నింటి మీదా పచ్చ టిక్కులు. కిటికీ గట్టు మీద ఎవరో మరిచిపోయిన జానెడు స్పానర్ ఉంది.

ఎందుకు తీసుకున్నానో చెప్పలేను. కాలక్షేపానికి అనుకోండి. మొన్నటి ఆఖరి ట్రేలో ఒక స్పీకరు వెనక ఆనించాను. టక్కున అంటుకుంది. లాగడానికి రెండు చేతులూ కావాల్సొచ్చాయి. దాని పక్కది, అదీ అంతే. నిన్నటి మొదటి ట్రేలోకి వెళ్లాను. ఆనించాను. స్పానర్ అంటుకోలేక అంటుకుని, ఒక్క క్షణం వేలాడి, జారి నా కాలి వేళ్ల మీద పడింది.

నొప్పి కూడా తెలియలేదు! ఇంకోటి చూశాను. జారింది. మరోటి. జారింది. నిన్న చేసినవన్నీ పస లేనివే!

అంటే మొన్న సాయంత్రానికీ నిన్న పొద్దుటికీ మధ్యలో యంత్రం నీరసపడింది. దానంతటది పడలేదు. ఇంకా ఆరని మెత్తటి వార్నిష్ మూడు నట్ల మీద ఊరికే పుట్టదు. నిన్న పొద్దున అందరికంటే ఆఖర్న పరుగెత్తుకొచ్చిన పిల్లకి దాన్ని ముట్టుకునే వ్యవధే లేదు. తాళం ఉన్న మనిషికి ఉంది.

గదిలోకి దూసుకెళ్లాను. చెవిగారు అటు తిరిగి ఇంకో స్పీకరు బిగిస్తున్నాడు.

"నిన్నటి ట్రేలు ఎలా పాస్ చేశారు? సగం బలం కూడా లేదు వాటికి. మీకు తెలియలేదా?"

వీపు కదల్లేదు. మాట కూడా రాలేదు. ఇంత పొగరా అనుకుని భుజం మీద తట్టాను. ఉలిక్కిపడి తిరిగాడు.

"ఏమిటమ్మా?"

"నిన్నటి స్పీకర్లు. బాగాలేవు."

ఆయన కళ్లు నా పెదాల మీద ఆగాయి. తర్వాత నవ్వాడు. "నా చెవి దాటి చెడ్డ సరుకు బయటికి పోదమ్మా. నలభై ఏళ్లలో ఒక్కటి పోలేదు."

కళ్లెదురుగా మనిషి నిశ్చింతగా అబద్ధమాడుతున్నాడు. కానీ నిలదీయడానికి నా చేతిలో ఏముంది? యంత్రం బలం తగ్గిందని చూపించగలను. బలం తగ్గిన యంత్రం మనిషిని మరింత గట్టిగా ఎలా కొట్టింది? కర్ర వేశాక కూడా!

వాచీ చూశాను. ఎనిమిది నిమిషాలున్నాయి. వరండాలోకి వచ్చి వదినకి ఫోన్ కొట్టాను.

"వదినా, పిల్లాడి సంగతి తర్వాత. ఒక లెక్క చెప్పు." డబ్బాలు, అరలు, పట్టీలు, కర్ర, మెత్తటి వార్నిష్, జారిన స్పానర్, ఊపిరాడకుండా అన్నీ కక్కేశాను.

"మీటరు ఎంత చూపించింది?"

"రెండు వేలే. ఎప్పటిలాగే."

"వోల్టులు అవే ఉండి బలం తగ్గిందంటే డబ్బాలు తగ్గాయన్నమాట."

"ఎనిమిదీ ఉన్నాయి వదినా, కళ్లారా చూశాను."

"ఉన్నాయి సరే. కలిసి ఉన్నాయా?"

మూడు నట్లు! గోరు దిగిన మూడు నట్లు!

"కింది అరలో మూడు విడిపోయాయి అనుకో," అన్నాను. "వార్నిష్ కింద ఏదో అడ్డం పెట్టి."

"అప్పుడు కింది అరలో పనిచేసేది ఒక్కటే. నాలుగూ నాలుగూ ఒకదాని కింద ఒకటి పెడితే రెండు డబ్బాల సరుకు. నాలుగూ ఒకటీ పెడితే ఒక్క డబ్బా సరుకు కూడా రాదు. స్పానర్ జారిందంటే జారదూ మరి!"

"అది సరే. షాక్ ఎలా కొట్టింది? కర్ర వేశాక సున్నాయే కదా?"

"రెండు కొసల మధ్య సున్నా. నడుమ సంగతి ఎవరు చూశారు?"

నేను ఫోను చెవికి నొక్కుకున్నాను.

"గోడకి పొడుగాటి రెసిస్టర్లు ఉన్నాయన్నావు," వదిన బళ్లో పాఠం చెప్పే గొంతులోకి వచ్చేసింది. "అవి రెండు అరలకీ చెరి సగం పంచడానికి. నింపి కాసేపు వదిలేస్తే పైకి వెయ్యి, కిందికి వెయ్యి, సమానంగా సర్దేస్తాయి. బిందెలు అనుకో. పైన నాలుగు బిందెలు, కింద ఒక్కటే బిందె. అన్నింట్లో నీళ్ల మట్టం ఒకటే. ఇప్పుడు కర్ర వేశావు. రెండు కొసలూ ఒకటైపోయాయి. అప్పటిదాకా ఒకదాని కింద ఒకటి ఉన్న అరలు కర్ర తగిలిన క్షణంలో పక్కపక్కకి వచ్చి నిలబడ్డాయి, అదీ ఎదురెదురుగా. సిరీస్ కాస్తా ప్యారలల్ అయిపోయింది! కింది బిందె పైదాంట్లో ఒక బిందెని కొట్టేస్తుంది. పైన ఎన్ని మిగిలాయి?"

"మూడు."

"ఎక్కడికి పోతాయవి? దారి లేదు. ఐదు డబ్బాల్లోనూ సర్దుకుని కూర్చుంటాయి. వెయ్యిలో ఐదింట మూడు వంతులు. కొసల మీద సున్నా, నడుమ పట్టీ మీద ఆరు వందలు! నాలుగూ నాలుగూ ఉన్నన్నాళ్లూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకునేవి. అందుకే ఆ పెద్దాయనకి ఇరవై ఏళ్లు ఏమీ కాలేదు."

"ఆయన రోజూ అక్కడే చెయ్యి పెడతాడని తెలిసిన వాళ్లే…" నా కళ్లు యంత్రం గది వైపు తిరిగాయి. "వదినా! నింపి అరగంట వదిలేశారు ఇక్కడ. ఇంకో మనిషి చెయ్యి పెట్టబోతున్నాడు!"

"పరిగెత్తవే! ఆగు, నూట రెండు దాటింది, నేను ఆటో…"

నేను వినలేదు. పరిగెత్తాను.

* * *

యంత్రం గదికి రెండు గుమ్మాలు. నేను వెనక గుమ్మంలోంచి దూరాను. బీరువా తలుపులు రెండు వైపులా బార్లా తీసి ఉన్నాయి. అటువైపు కోటు గారు, ఆయన వెనక యజమాని, ఏడుస్తూ పిట్ట, పనివాళ్లంతా మెడలు చాపి. కర్ర వేసి ఉంది. మీటరు ముల్లు సున్నా మీద నిద్రపోతోంది.

"చూశారుగా, సున్నా," అంటున్నాడు కోటు గారు, కోటు చెయ్యి పైకి లాక్కుంటూ. "ఇప్పుడు చెయ్యి…"

అరచెయ్యి దిగుతోంది. అరిస్తే నా వైపు తిరిగి చూస్తాడు, చెయ్యి మాత్రం ఆగదు. నా చేతిలో స్పానర్ ఇంకా ఉంది. ఆ లిప్తలోనే ఎదురుగా ఉన్న మొహాలు కనబడ్డాయి. అందరూ ముందుకి వంగి, కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నారు. ఒక్కడు తప్ప. గోడ దగ్గర నిలబడ్డ ఒక్క మనిషి కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో రెండు చెవులూ మూసుకున్నాడు.

స్పానర్ విసిరాను.

అది నడుమ పట్టీకీ కింది కొసకీ మధ్య అడ్డంగా పడింది.

ఢాం!

నీలంగా మెరుపు. గదంతా పొగ, కాలిన ఇనుము వాసన. కోటు గారు వెల్లకిలా పడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు, భయానికే. స్పానర్ రెండు చివరలూ కరిగి, రాగికి అతుక్కుపోయాయి.



"సున్నా చూపించింది," అన్నాడాయన కింద కూర్చునే, తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ. "నేను చూశాను. సున్నాయే."

"పిట్ట కూడా చూసింది," అన్నాను. "నిన్నటి నుంచి ఆ మాటే మొత్తుకుంటోంది."

కోటు గారు లేచారు. లేచి, మా వృత్తిలో ఎవరూ చూడని పని ఒకటి చేశారు. కోటు విప్పి చంకలో పెట్టుకున్నారు. "ఎక్కడ చూడాలో చెప్పండమ్మా," అన్నారు.

పిట్ట కర్ర తీసుకుని ఒక్కో కొసనీ నడుమ పట్టీతో కలిపి మళ్లీ మళ్లీ ఆనించింది. చిన్న నిప్పురవ్వ కూడా రాలేదు. అప్పుడు కింది అర రెండో నట్టు మీద వార్నిష్ గీకించాను. కింద కరెంటు పారనివ్వని ఎర్రటి ఫైబర్ వాషర్. పట్టీకి పైనొకటి, కిందొకటి. పట్టీలో కన్నం వెడల్పు చేసి ఉంది, బోల్టు అంచుకి తగలకుండా. మూడోది అంతే, నాలుగోది అంతే. చూడ్డానికి బిగించినట్టే ఉంది. కలిసింది మాత్రం ఏమీ లేదు.

"ఎవరు చేశారిది?" యజమాని ముందుకొచ్చాడు.

నేను గోడ దగ్గరికి నడిచాను. చెవిగారు చేతులు దించాడు గానీ అక్కణ్నించి కదల్లేదు.

"కోటు గారు చెయ్యి పెట్టేసరికి మిషను ఖాళీగా ఉందనే అందరూ నమ్మారు. నమ్మారు కాబట్టే ముందుకి వంగి చూశారు. చప్పుడవుతుందని మీకెవరు చెప్పారు పెదనాన్నగారూ?"

ఆయన నా పెదాలే చూస్తున్నాడు. నేను కావాలని మొహం పక్కకి తిప్పుకున్నాను. అదే గొంతుతో, "మేస్త్రీ కళ్లు తెరిచాడట, మీ పేరే చెప్పాడట," అన్నాను.

గదిలో కలకలం రేగింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. నేను ఏమంటానో అని ఎదురుచూస్తున్నాడు, అంతే.

పిచ్చుకల కీచులకి తిరగని తల. తట్టేదాకా కదలని వీపు. స్పీకరు కాగితం మీద ఆనించిన మూడు వేళ్లు. ఆయన నిన్నటి ట్రేల గురించి అబద్ధం ఆడలేదు. ఆయనకి నిజంగానే తెలియలేదు!

ఆయన ఎదురుగా నిలబడి మెల్లగా అడిగాను. "ఎన్నాళ్లయింది వినబడక?"

పెద్దాయన గోడకి జారబడ్డాడు. "ఏడాది. ముందు సన్నటి స్వరాలు పోయాయి. తర్వాత ఒక్కొక్కటే." తన చేతుల్ని తనే వింతగా చూసుకున్నాడు. "వాడు కనిపెట్టేశాడు. యజమానితో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని ఈ శనివారం దాకా గడువిచ్చాడు. నా పేరే చెవి కదమ్మా. అది పోతే నేనెవర్ని?"

"చెవులు ఎందుకు మూసుకున్నారు మరి? ఆ చప్పుడు మీకు వినబడదుగా."

"నలభై ఏళ్ల అలవాటు. కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదని చేతులకి ఇంకా తెలియదు."

బయట షిఫ్టు సైరన్ మోగింది. అందరూ ఉలిక్కిపడి కిటికీ వైపు తిరిగారు. ఆయన ఒక్కడే తిరగలేదు. గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు. "నువ్వు ఇంటికి పోవే, బాబు దగ్గరికి," అన్నాను పిట్టతో. ఆమె నా చేతులు రెండూ ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేసింది. ఏడుపో నవ్వో తెలియని మొహంతో పరుగు తీసింది. కోటు గారే అడ్డు తప్పుకుని ఆమెకి తలుపు తీసి పట్టుకున్నారు.

యజమాని మాత్రం బల్ల మీద కూలబడి ఉన్నాడు.

"ఏడాదిగా ఆయన వినకుండానే పచ్చ సుద్ద పెట్టాడు," గొణుక్కున్నట్టు అన్నాడు. "అందులో చెడ్డవి ఎన్నో. పిల్లల ఆస్పత్రి స్పీకర్లన్నీ, మూడు అంతస్తులవీ, ఆ చేతి మీదుగానే వెళ్లాయి."

నా ఫోనులో పిచ్చుకలు కీచుమన్నాయి.

"ఆస్పత్రికి తెచ్చేశా, మూడో అంతస్తులో ఉన్నాం," వదిన గొంతు, వెనక పిల్లల ఏడుపులు. "భయం లేదన్నారు. వాడు నిద్రపోయాడు. మీ ఫ్యాక్టరీ గొడవ ఏమైంది? అదిగో, ఇక్కడ గోడ మీద ఎర్ర దీపం ఏదో గిర్రున తిరుగుతోంది. చప్పుడేమీ లేదు. పరీక్ష చేసుకుంటున్నారు కాబోలు. కాస్త పొగ వాసన కూడా…"

"వదినా." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "వాణ్ని ఎత్తుకో. లిఫ్టు వద్దు, మెట్ల మీద దిగు. దిగుతూ కనబడిన ప్రతి తలుపూ బాదు. గొంతు చించుకుని అరువు. అక్కడ ఇంకేదీ అరవదు."